స్టాండు నిండుగా ఉందా?

సాలమోను ముప్పై రెండేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఇన్‌స్పెక్టరుగా కాదు. ఇన్‌స్పెక్టరు వెనకాల సరిచూసే రాళ్ల పెట్టె మోసుకుంటూ నడిచే అసిస్టెంటుగా. ఇన్‌స్పెక్టర్లు మూడేళ్లకొకరు మారేవారు, సాలమోను మాత్రం రాజోలు దాటి కదల్లేదు. మలికిపురం నుంచి సఖినేటిపల్లి రేవు దాకా ఆయన అడుగుపెట్టని దుకాణం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద ఇన్‌స్పెక్టరు ఆయనకొక పద్ధతి నేర్పాడు: కొట్లోకి వెళ్లగానే ముందు నమస్కారం పెట్టాలి, తనిఖీకి వచ్చామని చెప్పాలి, ఆ తర్వాతే రాయి ముట్టుకోవాలి. రిటైరయ్యే రోజు దాకా సాలమోను ఆ పద్ధతి తప్పలేదు.

ఇంట్లో కూడా ఆయనకు ఆ అలవాటు పోలేదు. భార్య సుందరి ఏ ప్యాకెట్టు తెచ్చినా వంటింట్లోకి పోకముందే దాన్ని తిరగేసి బరువు, ధర, తేదీ చదివేవాడు. "మనింటికి కూడా ముద్ర వేస్తారేంటండీ?" అని ఆవిడ నవ్వేది.

రిటైరయ్యాక ఏడాదిపాటు ఆయనకు పొద్దుపోలేదు. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక కూతురు అక్షయ ఆయన ఫోను తీసుకుని ఒక యాప్ ఎక్కించింది. దాని పేరు ‘చూసిరా’.

"నీకు సరిపోయే పని నాన్నా ఇది. కంపెనీలు తమ సరుకు ఊళ్లలో ఎలా అమ్ముతున్నారో చూసి చెప్పమని మనలాంటోళ్లకే డబ్బులిస్తాయి. ఇదిగో, మ్యాపు మీద ఎర్ర చుక్కలు చూడు. చుక్క ఉన్న షాపుకెళ్లి ఫోటో తీసి, వాళ్లడిగిన నాలుగు ప్రశ్నలకి అవునో కాదో నొక్కడమే. షాపు దగ్గర నిలబడితేనే బటన్ పనిచేస్తుంది, ఇంట్లో కూచుని నొక్కుదామంటే కుదరదు."

"వెళ్లి ఏమని చెప్పాలమ్మా?"

"ఏమీ చెప్పకూడదు. షాపు వాళ్లకి తెలీకూడదు. అదొక్కటే రూలు."

"చెప్పకుండా తనిఖీ ఏంటే?"

"తనిఖీ కాదు నాన్నా, చెక్ అంటారు."

మొదటి పని మలికిపురంలో ఒక కూల్‌డ్రింకుల షాపు. కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్‌లో వేరే కంపెనీ సీసాలు పెడుతున్నారేమో చూడాలి. సాలమోను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, గుండె దడదడలాడుతుండగా రెండు ఫోటోలు తీశాడు. బయటికొచ్చి చూసుకుంటే చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆ రాత్రి అన్నం తింటూ ఆ సంగతి చెబితే సుందరికి నచ్చలేదు.

"మిమ్మల్ని చూస్తే లేచి నిలబడే మనుషులండీ వాళ్లు. వాళ్ల షాపులోనే దొంగచాటుగా ఫోటోలా?"

"మోసం చేసేవాడికి భయం గానీ, సరిగ్గా ఉన్నవాడికి ఏం భయం?" అన్నాడు సాలమోను.

ఆ మాట తనకే నచ్చడంతో రెండో రోజు గుండె అంతగా కొట్టుకోలేదు. నెల తిరిగేసరికి అసలు కొట్టుకోవడమే మానేసింది. ఆయనకు వచ్చే ముప్పై, నలభై రూపాయల మీద ఆశ లేదు. మళ్లీ ఒక పని ఉందని, తన కంటికి ఇంకా విలువ ఉందని తోచేది. మూడో నెలలో ఆయన్ను ‘గోల్డ్ చెకర్’ చేశారు. "అద్భుతం సాలమోను! మీ నిశితమైన చూపుకు ధన్యవాదాలు" అని వచ్చిన మెసేజీని సుందరికి రెండుసార్లు చదివి వినిపించాడు.

"గారు అన్లేదేం?" అని మాత్రం అడిగిందావిడ.

జూన్‌లో గుడిమెళ్లంకలో కామేశ్వరి కిరాణా కొట్టు మీద చుక్క వచ్చింది. కామేశ్వరికి నలభై ఐదేళ్లుంటాయి. భర్త పోయాక ఎనిమిదేళ్లుగా ఆ కొట్టు ఒక్కతే నడుపుతోంది. సాలమోను తన ఉద్యోగంలో ఒక్కసారి కూడా తేడా చూడని కాటాల్లో ఆవిడ కాటా ఒకటి. ఆయన్ని చూడగానే స్టూలు వేసి, లోపలికెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చింది.

"ఎండలో ఇంత దూరం వచ్చేరేంటండీ సాలమోను గారండీ? కబురు పెడితే సరుకు పంపించేదాన్ని గదా."

"ఇటేదో పనుండి వచ్చేనమ్మా" అన్నాడు సాలమోను.

కొట్టు మూల ఒక పసుప్పచ్చ స్టాండు ఉంది. చేతులు పైకెత్తి నవ్వుతున్న పిల్లాడి బొమ్మ ఆకారంలో, మూడు అరలతో. రెండేళ్లు దాటిన పిల్లలకు పాలల్లో కలిపిచ్చే ‘బుజ్జిబలం’ అనే పొడి కోసం కంపెనీ ఇచ్చిన స్టాండు అది. పై అరలో నాలుగు పెట్టెలున్నాయి. కింది రెండు అరలూ ఖాళీ. ఆవిడ ఎవరికో కందిపప్పు పొట్లం కడుతుంటే సాలమోను ఒక చేత్తో మజ్జిగ తాగుతూ రెండో చేత్తో ఫోటో తీశాడు. ఫోనులో ప్రశ్న వచ్చింది: ‘స్టాండు నిండుగా ఉందా?’ లేదు అని నొక్కాడు. ‘సగానికి పైగా ఖాళీ’ అని కింద వ్యాఖ్య కూడా రాశాడు. గ్లాసు తిరిగిచ్చి, వస్తానమ్మా అని చెప్పి బండెక్కాడు.

ఆగస్టులో అదే కొట్టుకు మళ్లీ పని పడింది. ఈసారి మూడు అరల్లోనూ పెట్టెలు వరసగా, సిపాయిల్లా నిలబడి ఉన్నాయి. ఉంది అని నొక్కాడు. ఈసారి ఒక పెట్టె కొని, బిల్లు ఫోటో కూడా పంపమన్నారు. కామేశ్వరి ఆ పెట్టె ఇస్తూ ఎందుకో ఒక్క క్షణం ఆగి, "మీ ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరు కదండీ?" అంది.

"లేరమ్మా. నేనే తాగుదామని" అని నవ్వాడు సాలమోను.

ఆవిడ బిల్లు రాసిచ్చింది.

సుందరికి ఆ పొడి తీపి నచ్చదు, అక్షయ పాలే తాగదు. సాలమోను ఆ పెట్టె పక్కింటి జాస్మిన్‌కు ఇచ్చాడు. ఆ పిల్ల మొగుడు కొబ్బరి లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. వాళ్ల కొడుకు జోయెల్‌కు రెండున్నరేళ్లు. ఒళ్లు చేయడం లేదని తల్లి రోజూ బెంగపడుతూ ఉంటుంది.

"అయ్యో, మాకెందుకు మావయ్యగారూ?" అంటూనే సంతోషంగా తీసుకుంది జాస్మిన్.

ఐదో రోజు పొద్దున్న జాస్మిన్ గోడ అవతల నుంచి పెద్దగా ఏడుస్తూ సుందరిని పిలిచింది. పిల్లాడు రాత్రి నుంచి ఆగకుండా వాంతులు చేసుకుంటున్నాడు. కళ్లు లోపలికి పోయాయి. సాలమోను ఆటో తెచ్చి రాజోలులో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. చేతి మీద నరం దొరక్క పాదానికి సూది గుచ్చితే, ఆ పిల్లాడు ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి ఊరుకున్నాడు. "తిండిలో ఏదో చెడింది" అన్నాడు డాక్టరు.

పిల్లాడు తేరుకుని ఇంటికొచ్చిన సాయంత్రం జాస్మిన్ ఆ పసుప్పచ్చ పెట్టె పట్టుకుని వచ్చింది. అరుగు మీద కూర్చున్న సాలమోను ముందు పెట్టి, "మావయ్యగారూ, ఒకసారి ఇది చూడండి" అంది. కోపం లేదు ఆ గొంతులో. అది ఆయనకు మరీ కష్టంగా తోచింది.

లోపలి కవరు విప్పి పళ్లెంలో వంచాడు. పొడి పొడిగా రాలేదు, గడ్డలుగా పడింది. గడ్డకూ గడ్డకూ మధ్య సాలెగూడులాంటి సన్నని దారాలు సాగాయి. ఒక గడ్డ కదిలింది. వేలితో విరిస్తే లోపల తెల్లటి పురుగులు, బియ్యపు గింజలో సగం ఉంటాయి, గోధుమరంగు తలలతో మెలికలు తిరుగుతున్నాయి. రోజుల తరబడి మరిగిన నూనె కంపు ముక్కు పుటాల్లోకి కొట్టింది.

"మొదట్లో వాసన వచ్చిందండి. కంపెనీ పొడి అలాగే ఉంటుందేమో అనుకున్నాను. మీరిచ్చేరు గదా అని..." అంది జాస్మిన్.

సాలమోను లేచి మురికికాలవ దగ్గరికి వెళ్లి వాంతి చేసుకున్నాడు. మొహం కడుక్కుని వచ్చి పెట్టెను తిరగేశాడు. అడుగున ఒక తెల్ల స్టిక్కరు, దాని మీద వచ్చే జనవరి దాకా గడువు. గోరుతో అంచు లేపి లాగితే కింద అసలు అచ్చు కనబడింది. ఫిబ్రవరితోనే గడువు అయిపోయింది. ఇది ఆగస్టు నెలాఖరు.

ఆయనకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. ముప్పై రెండేళ్లు ప్యాకెట్టు అడుగు చదివి బతికిన మనిషి. పాత తేదీ మీద స్టిక్కరు అంటించడం నేరమని ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. అలాంటివాడు ఈ పెట్టెను చేత్తో పట్టుకుని, ఫోటో తీసి, బండి మీద తెచ్చి, పసిపిల్లాడున్న ఇంట్లో ఇచ్చాడు. ఒక్కసారి తిరగేసి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, ఫోను అడగలేదు.

అప్పుడే కూర్చుని ఆ అడుగు ఫోటో, పురుగుల ఫోటో యాప్‌లో పంపించాడు. పావుగంటలో జవాబొచ్చింది: "మీ ఫోటో ఈ పనికి సంబంధించినది కాదు. దయచేసి స్టాండును ముందు వైపు నుంచి, మంచి వెలుతురులో తీసి పంపండి." మళ్లీ రాశాడు. ఒక పసివాడు చావు దగ్గరి దాకా వెళ్లొచ్చాడని రాశాడు. "మీ ఆందోళన మాకు అర్థమైంది సాలమోను. సరుకు నాణ్యత ఈ ప్రాజెక్టు పరిధిలోకి రాదు. మీ కోసం దగ్గరలో పధ్నాలుగు కొత్త పనులు సిద్ధంగా ఉన్నాయి!" పక్కన బెలూను బొమ్మ.

పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. ఒక ఆడపిల్ల చాలా మర్యాదగా బ్యాచ్ నంబరు అడిగి, వివరాలన్నీ రాసుకుని, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. మీ అడ్రసుకి రెండు కొత్త ప్యాకెట్లు ఉచితంగా పంపిస్తాం" అంది.

"మీ పిల్లలకి పెట్టుకోండమ్మా" అని ఫోను పెట్టేశాడు సాలమోను. పెట్టేశాక, ఎక్కడో జీతానికి కూర్చున్న ఆ పిల్లను ఎందుకన్నానా అని అదొక బాధ.

మర్నాడు పొద్దున్నే కామేశ్వరి కొట్టుకు వెళ్లాడు. ఆవిడ ఎప్పటిలాగే స్టూలు వేసింది. సాలమోను కూర్చుని, సంచిలోంచి పెట్టె తీసి, అడుగు పైకి పెట్టి ఆవిడ ముందు ఉంచాడు. ఆవిడ మొహంలో రక్తం లేదు.

"ఎవరికిచ్చేరండీ?"

"పక్కింటి పిల్లాడికి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు బానే ఉన్నాడు."

కామేశ్వరి కొట్టు గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పింది.

"ఆ పెట్టెల్ని నేను మేలోనే తీసి లోపల పడేసేనండి, డేటు అయిపోయిందని. వెనక్కి పట్టుకెళ్లమంటే డీలరు నాగసతీష్ గారు పట్టుకెళ్లలేదు. కంపెనీ వాపసు తీసుకోదంట. సరేలే, నష్టం నాదే అనుకున్నాను. జూన్‌లో ఎవరో మా షాపు ఫోటో తీసి పంపించేరంటండి, స్టాండు ఖాళీగా ఉందని. దాంతో ఆయన నాకు సరుకు ఆపేసేరు. పొడి ఒక్కటే కాదండి. సబ్బులు, పేస్టు, నూనె ప్యాకెట్లు అన్నీ ఆయన దగ్గర్నించే రావాలి నాకు. పదిహేను రోజులు వచ్చినవాళ్లని లేదు లేదు అని పంపించేసేను. అప్పుడొచ్చి, లోపల పడేసినవన్నీ బయటికి తీయించి, స్టిక్కర్లు ఆయనే అంటించి సర్ది వెళ్లేరు. కంపెనీయే డేటు పొడిగించింది, మీకేం భయం లేదు అని."

"మీరు నమ్మేరా?"

"నమ్మలేదండి" అంది కామేశ్వరి. "నమ్మినట్టు ఊరుకున్నాను. ఫోటోల వాళ్లు మళ్లీ వస్తారు, ఖాళీ కనబడితే ఈసారి పూర్తిగా ఆపేస్తామన్నారు. ఎవరైనా అడిగితే వేరే రకం ఇచ్చి పంపిద్దాం, స్టాండులో ఊరికే ఉంటాయి అనుకున్నాను. అయినా నాలుగు పోయేయండి, మీదాంతో కలిపి. స్టాండు చూసి అదే కావాలంటారు."

సాలమోను ఒక్కొక్కటే లెక్క చూసుకున్నాడు. ఈవిడ చెడిన సరుకు తీసి పక్కన పడేసింది. తీసేసినందుకు తను వెళ్లి తప్పు రాశాడు. ఆ రాత వల్లే పురుగులు మళ్లీ అరలోకి ఎక్కాయి. ఎక్కాక తనే వచ్చి, నిండుగా ఉంది అని మెచ్చుకున్నాడు.

"కామేశ్వరి గారూ, ఆ ఫోటో తీసింది నేనేనమ్మా."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చేతిలోని ఫోను వైపు చూసింది.

"జూన్‌లో వచ్చినప్పుడా?"

"ఆయ్."

"ఈ స్టూలు మీద కూచునేనా?"

"ఆయ్."

"నేనిచ్చిన మజ్జిగ తాగుతూనా?"

సాలమోను తల దించుకున్నాడు.

"లేవండి. స్టూలు లోపల పెట్టుకోవాలి" అంది.

అక్కడినుంచి ఆయన తిన్నగా మలికిపురంలో నాగసతీష్ గోడౌనుకు వెళ్లాడు. నాగసతీష్‌కు నలభై ఏళ్లుండవు. నుదుట బొట్టు, ఇస్త్రీ చొక్కా, మర్యాదకు లోటు చేయని మనిషి. కుర్చీ వేయించి టీ తెప్పించాడు. స్టిక్కరు పీకిన పెట్టెను చూసి కంగారు కూడా పడలేదు.

"నేనేం చెయ్యనండీ? నెలకింత సరుకని కంపెనీ నా నెత్తిన పడేస్తుంది. వాపసు తీసుకోదు. పైగా ఊళ్లో ఎవడో ఫోటోలు తీసి పంపుతుంటాడు, ఆ మార్కుల మీదే నా డీలర్‌షిప్పు. చూడండి." ఫోను తెరిచి మ్యాపు చూపించాడు. ఒక్కొక్క కొట్టూ ఒక పచ్చ చుక్క, అక్కడక్కడ ఎరుపు. "మన ఏరియాలో ఫోటోలు తీసేవాడెవడో గానీ మహా సిన్సియరండీ. ఒక్క ఖాళీ అర వదల్డు. ఆడి దెబ్బకే పదకొండు షాపుల్లో నేనీ పని చెయ్యాల్సొచ్చింది."

"వాడు నేనే" అన్నాడు సాలమోను.

నాగసతీష్ ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత పగలబడి నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి ముందుకు చాపి ఆయన మోకాలు తట్టాడు.

"అయ్యబాబోయ్, మీరాండీ! మరింకేంటండీ, మనం మనం ఒకటే గదా! మీరు ముందు నించి ఫోటో తీస్తారు, నేను అడుగున స్టిక్కరు వేస్తాను. కంపెనీ వాడికి రెండూ కావాలి. ఫోటోలో అడుగు కనబడదు గదండీ."

సాలమోను ఆ చెయ్యి తన మోకాలు మీద నుంచి తీసేశాడు. టీ ముట్టలేదు. ఆ నవ్వు కన్నా, ఆ మాటలో అబద్ధం లేకపోవడం ఆయనకు ఎక్కువ రోతగా ఉంది.

"అమలాపురం వెళ్లి, ఆహార తనిఖీ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తాను."

"ఇవ్వండి. మీకు తెలీందేముందండీ, ఇన్నేళ్ల సర్వీసు. అమ్మింది ఎవరు? కామేశ్వరి గారు. బిల్లెవరిది? ఆవిడది. అది కూడా మీరే ఫోటో తీసి పెట్టుకున్నారు. కేసు ఎవరి మీద పడుతుందండీ?"

అది నిజమని సాలమోనుకు తెలుసు. తన ఉద్యోగంలో రాసిన కేసులన్నీ కొట్లో కూర్చున్నవాళ్ల మీదే. ఫ్యాక్టరీ నుంచి ఒక్కడూ సంతకం పెట్టడానికి రాలేదు.

రెండు రోజులు అన్నం సహించలేదు. రెండో రాత్రి జరిగినదంతా సుందరికి చెప్పాడు. మూడో రోజు సుందరే అంది: "దొంగచాటుగా వెళ్లిన షాపులన్నిటికీ ఈసారి చెప్పి వెళ్లండి. అంతకన్నా ఏముంది చెయ్యడానికి?"

కామేశ్వరి కొట్టు కాక, తను ఖాళీ అని రాసిన మిగతా పది కొట్లకూ వెళ్లాడు. ప్రతి గుమ్మంలో నిలబడి ముందు నమస్కారం పెట్టి, ఫోటోలు తీసినవాణ్ని నేనే అని చెప్పి, స్టాండులో పెట్టెలు తిరగేసి చూపించమని అడిగాడు. లక్కవరంలో బుజ్జిబాబు అనే కొట్టు యజమాని ఆయన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. "సిగ్గులేదా నీకు? నీ రాత వల్ల నాకు రెండు నెలలు కంపెనీ ఇచ్చే స్కీము డబ్బు పోయింది. ముసలాడివి కాబట్టి ఊరుకుంటున్నా, పో" అన్నాడు. సాలమోను ఆ మాటలన్నీ నిలబడి విన్నాడు. విని, "పెట్టెలు మాత్రం పిల్లలకి అమ్మకండి బాబూ" అని చెప్పి వెళ్లాడు. పదిట్లో ఏడు చోట్ల స్టిక్కర్లు దొరికాయి. డీలరే అంటించాడని కాగితం మీద సంతకం పెట్టింది ముగ్గురు. మిగతావాళ్లు, సరుకు ఆగిపోతే మా గతేంటి అన్నారు.

కామేశ్వరిని అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. ఆయన కొట్లు తిరగడం మొదలుపెట్టిన నాలుగో రోజు ఆవిడే రాజోలు వచ్చింది. ఇంటి గుమ్మంలోనే నిలబడి, సంచి కింద పెట్టింది. అందులో అమ్మిన పెట్టెలు మూడు, సగం వాడినవి. ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెచ్చింది. వాటితోపాటు ఒక మడతపెట్టిన కాగితం. విప్పితే, అంటించగా మిగిలిన స్టిక్కర్లు, పదహారు, అన్నిటి మీదా వచ్చే జనవరి తేదీ.

"ఆ రోజు తొందర్లో నాగసతీష్ గారు మా బల్ల మీద వదిలేసేరండి. ఎందుకైనా మంచిదని దాచేను. పదండి అమలాపురం."

"కేసు మీ మీదకి రావచ్చమ్మా."

"రానివ్వండి. ఒక తల్లి ఆ పెట్టె నా మొహం మీదకి విసిరేసిందండి నిన్న. మా వీధి పిల్లే. ఆ పిల్ల పెళ్లికి పసుపు, కుంకం నా షాపులోంచే వెళ్లేయి. ఇంక కేసుకి భయమేంటండీ?"

జాస్మిన్ కూడా ఆసుపత్రి కాగితాలు తీసుకుని వాళ్లతో బస్సెక్కింది. ఆహార తనిఖీ అధికారి భాస్కర్ కాగితాలు చూసి, స్టిక్కర్లు వెలుతురులో పట్టి చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఒక పెట్టె తెరిపించాడు. వారం తిరక్కుండా కొట్లకు వచ్చి నమూనాలు పట్టుకెళ్లాడు. గోడౌనుకు కూడా వెళ్లాడు గాని, అక్కడ ఆ బ్యాచ్ పెట్టె ఒక్కటీ లేదు. ముందు రోజే రెండు ఆటోల్లో ఎటో వెళ్లాయని పక్క షాపువాళ్లు చెప్పారు, కాగితం మీద మాత్రం చెప్పలేదు.

నోటీసులు కామేశ్వరితో కలిపి సంతకాలు పెట్టిన నలుగురికీ వచ్చాయి. సంతకం పెట్టనివాళ్లలో ఒక్కరికీ రాలేదు. డీలరుకూ ఒకటి వెళ్లింది. కంపెనీ ఒక ఉత్తరం పంపింది: జరిగినదానికి విచారిస్తున్నామని, అది డీలరు సొంతంగా చేసిన పనని, ఆయన్ను తొలగించామని, పిల్లల ఆరోగ్యమే తమకు అన్నిటికన్నా ముఖ్యమని. పదిహేను రోజుల్లో అదే గోడౌను మీద కొత్త బోర్డు పడింది. ప్రొప్రయిటరుగా నాగసతీష్ భార్య పేరు రాసి ఉంది. ‘చూసిరా’ వాళ్లు కూడా సాలమోనుకు ఒక మెసేజీ పంపారు. గోప్యత నిబంధన ఉల్లంఘించినందుకు ఆయన ఖాతా శాశ్వతంగా మూసేశారు. సాలమోను దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు. అక్షయ మాత్రం చూసి, "నేనే ఎక్కించేను నాన్నా" అని ఏడ్చింది.

కామేశ్వరి విచారణకు అమలాపురం మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. మూడుసార్లూ సాలమోను వెంట వెళ్లాడు. ఆవిడ రమ్మనలేదు, వద్దనలేదు. ఆఫీసు వరండాలో బల్ల మీద ఆ చివర ఆవిడ, ఈ చివర ఆయన కూర్చునేవారు. ఒకసారి పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చోబెట్టి, అధికారి మీటింగుకు వెళ్లారని పంపేశారు. మూడోసారి ఆ స్టిక్కర్ల కాగితం ఆధారంగా నలుగురు కొట్లవాళ్లనూ హెచ్చరికతో వదిలేశారు. నాగసతీష్ మీద కేసు నడుస్తోంది. ఆయన పెట్టుకున్న వకీలు వాయిదాలు అడుగుతున్నాడు. కంపెనీ పేరు ఆ కాగితాల్లో సరుకు పేరుగా తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కామేశ్వరికి దొరికింది. సాలమోను ఆవిడ వెనక సీట్లో కూర్చున్నాడు. బోడసకుర్రు దాటి వంతెన ఎక్కాక, గోదావరి మీద గాలి చల్లగా తగిలింది. ఆవిడ తల తిప్పకుండానే మాట్లాడింది. స్టూలు లోపల పెట్టిన రోజు తర్వాత, కేసు సంగతి కాకుండా ఆవిడ ఆయనతో మాట్లాడడం అదే మొదలు.

"నాకొకటి అర్థం కాదండి. జూన్‌లో మీరొచ్చినప్పుడు, ‘కామేశ్వరీ, స్టాండెందుకు ఖాళీగా ఉంది?’ అని నన్నే అడగొచ్చు గదండీ. చెప్పేదాన్ని. అక్కడితో అయిపోయేది."

సాలమోను, అడగకూడదని రూలు అని చెబుదామనుకున్నాడు. ఆ మాట నోట్లోకి వచ్చేసరికి చేదుగా అనిపించి మింగేశాడు.

"ఆయ్" అన్నాడు. "అడగాల్సిందమ్మా."

మలికిపురంలో కామేశ్వరి బస్సు దిగి గుడిమెళ్లంక ఆటో ఎక్కింది. ఆయన సంచి అందించబోతే, పర్లేదండీ అని వంగి తనే తీసుకుంది.